ఆకుపచ్చ అచ్చు లేని పుస్తకం

ఐదుగురు అక్కచెల్లెళ్లు వరసగా నడుస్తుంటారు. అందరికీ గుండ్రటి టోపీలే. చలికి చేతులు దాచుకునే మఫ్‌లు, ఒంటి మీద ఆకుపచ్చని పొడుగు కోట్లు. కేట్ గ్రీనవే తనే రాసి, తనే బొమ్మలు వేసిన పిల్లల గేయాల పుస్తకం ‘అండర్ ది విండో’లోని పేజీ ఇది. మామూలుగా చూస్తే ఎవరో ఇప్పుడే కుంచె కడిగి పక్కన పెట్టినట్టుంటుంది. భూతద్దం కింద పెడితే ఆ ఆకుపచ్చ కాస్తా మాయమవుతుంది. పసుపు ఒకటి, దాని మీద నీలం ఒకటి, అంతే.

ఈ పుస్తకాన్ని చెక్కించి, అచ్చువేసినవాడు లండన్ ముద్రాపకుడు ఎడ్మండ్ ఎవాన్స్. తన జ్ఞాపకాల్లో దీని పని గురించి చెబుతూ రంగు అచ్చులను లెక్కపెట్టాడు: ఎరుపు, ఒంటిరంగు, నీలం, పసుపు. ఆ లెక్కలో ఆకుపచ్చ లేదు. పిల్లల చర్మానికి మాత్రం విడిగా ఒక అచ్చు ఉంది! బుగ్గలకూ చేతులకూ ఎరుపునే పలచన చేసి సరిపెట్టుకోలేదన్నమాట. నేను పాత బొమ్మల పుస్తకాలు పోగుచేయడం మొదలుపెట్టాక, ఒక ముద్రాపకుడి మీద నాకు భక్తి లాంటిది కలిగింది ఈ ఒంటిరంగు అచ్చు సంగతి తెలిసినప్పుడే.

మన పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు ఈ పద్ధతి చెప్పనక్కర్లేదు. ముందు గీతల అచ్చు పడుతుంది, ఆ తర్వాత ఒక్కో రంగుకు ఒక్కో టేకు అచ్చు. ఎవాన్స్ దుకాణంలోనూ సూత్రం అదే. కాకపోతే ఆయనకు బట్టకు బదులు కాగితం, టేకుకు బదులు బాక్స్‌వుడ్. ఆ చెట్టును నిలువుగా కాక అడ్డంగా కోసి, వలయాలు కనిపించే ముఖం మీద చెక్కుతారు. అక్కడ పేళ్లు లేవవు, ఉలి ఏ దిక్కుకు తిప్పినా ఒకేలా తెగుతుంది. వెంట్రుకవాసి గీత నిలబడేది అందుకే.

గ్రీనవే బొమ్మను ఫొటో ద్వారా చెక్క మీదికి ఎక్కించి, ముందు గీతల అచ్చు చెక్కేవారు. చెక్కడమంటే ఇక్కడ గీతను తవ్వడం కాదు, గీతను వదిలేసి చుట్టూ ఉన్నదంతా తీసేయడం. ఒక పాప కనురెప్ప కాగితం మీద కనిపించాలంటే, ఆ రెప్పకు అటూ ఇటూ ఉన్న చెక్క పోవాలి, రెప్ప మాత్రం మిగలాలి. ఉలి ఒక్కసారి జారితే ఆ రెప్ప పోయినట్టే. ఆ అచ్చు నుంచి తీసిన తడి ముద్రలను ఖాళీ దిమ్మల మీద వేసేవారు. ఎర్ర దిమ్మ చెక్కేవాడికి ఎక్కడ ఆగాలో, నీలం దిమ్మ చెక్కేవాడికి ఎక్కడ మొదలెట్టాలో ఆ ముద్రే చెప్పేది. ఖర్చెక్కువైన పని అని ఎవాన్సే ఒప్పుకున్నాడు.

అసలు కష్టం చెక్కడానికి ముందే ఉంది. బొమ్మలో గ్రీనవే కలిపిన రంగులెన్నో. వాటిని కంటితో చూసి, ఈ గోధుమరంగులో ఎరుపెంత, పసుపెంత అని మనసులోనే విడదీయాలి. లేత నీలం కావాలంటే గీతలు సన్నగా, ఎడంగా చెక్కాలి. ముదురు కావాలంటే దగ్గర దగ్గరగా. సంగీతం తెలిసినవాడు పాట వింటూ స్వరాలు రాసుకున్నట్టు, ఆ పనివాళ్లు రంగును వినేవారేమో అనిపిస్తుంది నాకు. ఉలి పట్టిన ఆ పనివాళ్ల పేర్లు పుస్తకంలో ఎక్కడా లేవు.

పుస్తకం 1879లో జార్జ్ రౌట్‌లెడ్జ్ ప్రచురణగా, ఆరు షిల్లింగుల ధరకు వచ్చింది. ఎవాన్స్ మొదటి విడతలోనే 20,000 ప్రతులు వేస్తే రౌట్‌లెడ్జ్ నవ్వాడట. కొత్త రచయిత్రి, గేయాల పుస్తకం, అదీ ఆరు షిల్లింగులు! రెండో విడత సిద్ధమయ్యేలోపే అవన్నీ అమ్ముడుపోయాయి. అచ్చులు ఆగకుండా తిరిగి, సంఖ్య 70,000కు చేరింది.

ఇన్ని వేలు వేసిన పుస్తకం అరుదెలా అయిందని అడిగినవాళ్లున్నారు. పిల్లలు చదివారు కాబట్టి. చాపల మీద, పక్కల మీద, జామ్ చేతులతో తిప్పారు. నచ్చిన బొమ్మను కత్తిరించుకున్నారు. నచ్చనిదానికి మీసాలు దిద్దారు. పెద్దల కవిత్వం బీరువాలో నిద్రపోతుంది, పిల్లల కవిత్వం వాడకంలో అరిగిపోతుంది. అన్ని పేజీలూ ఉండి, కుట్టు ఊడని ప్రతి దొరకడం అందుకే కష్టం. పైగా పేరుపుట మీద సంవత్సరం వేయలేదు. ఏది తొలి విడతో, ఏది మలి విడతో తేల్చుకోవడం సేకర్తలకు పెద్ద పరీక్ష.

నా ప్రతి తొలి విడతది కాదు. లండన్‌లో ఉంటున్న మా మేనకోడలు పాత పుస్తకాల దుకాణంలో కొని, తువ్వాలులో చుట్టి తెచ్చింది. మూలలు మెత్తబడ్డాయి, అక్కడక్కడా గోధుమ మచ్చలు. మన వానాకాలం తేమకు భయపడి దీన్ని తరచూ బయటకు తీసి గాలికి ఆరబెడుతుంటాను.

ఈ బొమ్మలతోనే ఇప్పటి పునర్ముద్రణ ఒకటి కూడా నా దగ్గరుంది. కాగితం తెల్లన, ధర తక్కువ, పిల్లల చేతికిచ్చేది అదే. రెంటినీ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూస్తే తేడా తెలుస్తుంది. కొత్తదాంట్లో పాప బుగ్గ సన్నని చుక్కల గుంపు, యంత్రం సమానంగా చల్లిన చుక్కలు. పాతదాంట్లో బుగ్గ మీద గీతలున్నాయి. అవి చెంప వంపును బట్టి వంగుతాయి, గడ్డం దగ్గరికొచ్చేసరికి పలచబడి ఆగిపోతాయి. ఎక్కడ ఆపాలో ఒక మనిషి నిర్ణయించుకున్నాడు.

నా ప్రతిలో ఒక పేజీలో పసుపు అచ్చు కాస్త పక్కకు జరిగింది, అరమిల్లీమీటరు ఉంటుందేమో. గడ్డి అంచున పసుపు ఒక్కటే బయటికొచ్చింది, రెండోవైపు నీలం ఒక్కటే మిగిలింది. మధ్యలో అవి కలిసినంత మేరా గడ్డి పచ్చగా ఉంది. అమ్మినవాడు దాన్ని లోపంగా రాసి ధర తగ్గించాడు. ఇంటికి ఎవరైనా వచ్చి ఈ పుస్తకం చూపించమంటే నేను ముందు తెరిచేది ఆ పేజీనే.