పళ్ళెము వెనుకవైపు

పాత చీనా పింగాణి పళ్ళెము చేతికి వచ్చినప్పుడు, పైనున్న చామంతులను, కొమ్మమీది పిట్టను చూచి మురియుట సహజమే గాని, నేను మాత్రము దానిని మెల్లగా బోర్లించి, అడుగున నున్న చుట్టుకట్టును వ్రేలితో తడవిన పిదపనే ముఖము చూచెదను. గాజుపూత అంటని ఆ సన్నని అంచుననే లోపలి మట్టి కంటబడును. ఆ మట్టికి ప్రసిద్ధి తెచ్చిన ఊరు జింగ్‌డెజెన్. దాని చెంతనున్న గావ్‌లింగ్ కొండ పేరే ‘కెయొలిన్’ అయి లోకమంతట నిలిచినది. ఆ ఊరి పనివారిని గూర్చి దాంత్రకోల్ అను ఫ్రెంచి మతగురువు 1712లో లేఖ వ్రాయుచు, ఒక్కొక్క పాత్ర డెబ్బదిమంది చేతులమీదుగా సాగునని తెలిపెను.

అందులో చిత్రకారుని పని నన్ను మిక్కిలి ఆశ్చర్యపరచును. కాల్చని పాత్రమీద కోబాల్టు రంగుతో గీచునప్పుడు గీత నల్లబూడిద వన్నెతో నుండును. పైన గాజుపూత పట్టించి, సుమారు 1300 డిగ్రీల వేడిమిలో కాల్చిన తరువాతగాని నీలము విప్పారదు. కనుక ఆతడు తన నీలమును కంట చూడకయే, ఎచ్చట చిక్కనగునో ఎచ్చట పలుచనగునో మనస్సున నిలుపుకొని, కుంచె నడుపవలసియుండెను.

నా తొలి పళ్ళెమున చెంగ్‌హువా చక్రవర్తి (1465–1487) పేర ముద్ర యుండగా, అమ్మినవాని మాట నమ్మి, అది ఆ కాలపుదే యని కొంటిని. కాని, పాత్ర పగిలినచో చక్రవర్తి నామమునకు అపచారమగునని, కాంగ్‌షీ పాలనలో, 1677లో, ఆ ఊరి అధికారి ఏలుచున్న రాజు పేరు వ్రాయుటను నిషేధించెనని, అంతట కుమ్మరులు పూర్వరాజుల పేళ్ళనో, ఆకు బొమ్మనో, వట్టి జంట వలయములనో వ్రాయసాగిరని చాలకాలమునకు తెలిసికొంటిని. ముద్ర చదివి వెల కట్టుట నాటితో మానితిని.

ఇప్పుడు నాకు మిక్కిలి ప్రియమైనది బీట వారిన పళ్ళెము. దాని వెనుక నాలుగు ఇత్తడి కుట్లు కలవు. వజ్రపు మొనతో సగము మందము వరకే తొలిచి, తీగను వంచి బిగించిన ఆ కుట్లు ముందునుండి కానరావు. బజారున దీనికి వెల తక్కువ. నాకు మాత్రము ఆ అతుకరి నైపుణ్యము చిత్రకారుని నైపుణ్యమునకు తీసిపోదు.

మీ యింట అట్టి కుట్లుగల పళ్ళెమున్నచో వానిని ఊడదీయింపవలదు, చింతపండుతో తోమవలదు, ఒకదానిపై నొకటి పేర్చునప్పుడు నడుమ మెత్తని పాతగుడ్డ వేయుడు.