పియుస్: ఒక విశేషణం, మూడు బాకీలు

వర్జిల్ రాసిన ‘ఈనియిడ్’ కావ్యంలో నాయకుడు ఈనియాస్. అతని పేరు పక్కన కవి తరచూ తగిలించే లాటిన్ విశేషణం ‘పియుస్’. పన్నెండు భాగాల్లో దాదాపు ఇరవై సార్లు కనబడుతుంది. హోమర్ తన అకిలీస్‌ని వేగంగా పరిగెత్తేవాడంటాడు, ఒడిసియస్‌ని ఎన్నో ఉపాయాలు తెలిసినవాడంటాడు. అవి ఆ మనుషుల సత్తా చెప్పే మాటలు. ‘పియుస్’ మాత్రం ఈనియాస్ ఎవరెవరికి ఏం బాకీ ఉన్నాడో చెప్పే మాట. ఈ తేడా పట్టుకోకపోతే కావ్యం మొత్తం ఒక మంచిబాలుడి కథలా, చప్పగా కనిపిస్తుంది.

ఇంగ్లిష్‌లో చదివేవాళ్ళకి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. ‘పియుస్’ అక్కడ ‘పయస్’ అయింది. ఇవాళ ఆ మాట వింటే గుడి మెట్ల మీద నిలబడి నీతులు చెప్పే పెద్దమనిషి గుర్తొస్తాడు. దీని నామవాచకం ‘పియెతాస్’ నుంచే ఫ్రెంచ్ మీదుగా ‘పయటీ’, ‘పిటీ’ రెండూ వచ్చాయి. ఒకటి దైవభక్తి, ఇంకొకటి జాలి. ఇటాలియన్‌లో అదే ‘పియెతా’. చనిపోయిన కొడుకుని ఒళ్ళో పెట్టుకున్న తల్లిని మైకెలాంజెలో చెక్కిన శిల్పం పేరూ అదే. ఒక్క మాట ఇన్ని ముక్కలైందంటే, మొదట్లో దాని కడుపులో చాలా ఉండి ఉండాలి. 1697లో ‘ఈనియిడ్’ని ఇంగ్లిష్ చేసిన డ్రైడెన్ కూడా తన ముందుమాటలో ఇదే అన్నాడు: దేవుళ్ళ మీద భక్తి, తల్లిదండ్రుల మీద ప్రేమ, అయినవాళ్ళందరి మీద ఆపేక్ష కలిసిన ఈ మాటకి ఏ ఆధునిక భాషలోనూ సరిపడే మాట దొరకదని.

మరి ఇది ఎక్కడ పుట్టింది? భాషాశాస్త్రవేత్తల్లో బాగా ప్రచారంలో ఉన్న వ్యుత్పత్తి ప్రకారం, శుభ్రం చేయడం అనే అర్థమున్న ధాతువు నుంచి. సంస్కృతంలో ‘పూ’ ధాతువు అదే. మనం రోజూ వాడే ‘పవిత్రం’ అందులోంచే వచ్చింది. లాటిన్‌కి దగ్గరి చుట్టమైన అంబ్రియన్ భాషలో దీనికి సాక్ష్యం ఉంది. ఇటలీలోని గుబ్బియోలో 1444లో బయటపడ్డ ఏడు కంచు ఫలకాల నిండా పూజావిధులే. వాటిలో ఈ కుటుంబానికి చెందిన క్రియ, శుద్ధి చేయడం అనే అర్థంతో మళ్ళీ మళ్ళీ వస్తుంది. లాటిన్‌లోనూ ‘పియాకులుమ్’ అంటే దోషం పోవడానికి ఇచ్చే బలి. అంటే మొదట్లో ఇది మనసుకి సంబంధించిన మాట కాకపోవచ్చు. దేవుళ్ళ దగ్గర లెక్క సరిచేసుకుని, బకాయి లేకుండా ఉన్నవాడు పియుస్. తర్వాత ఆ లెక్కలోకి కన్నవాళ్ళు, దేశం కూడా వచ్చి చేరారు.

తెలుగులో దీన్ని ఏమందాం? మొదట తట్టేది ‘భక్తి’. దైవభక్తి, పితృభక్తి, దేశభక్తి. మూడు వైపులా సరిగ్గా సరిపోయినట్టే ఉంటుంది. కానీ మన భక్తిలో ఇష్టం ఉంది, పరవశం ఉంది. ఈనియాస్‌లో పరవశం మచ్చుకైనా ఉండదు. అతనికి దగ్గరగా వచ్చే మాట ‘రుణం’. మనిషి దేవతలకీ, ఋషులకీ, పితరులకీ మూడు రుణాలతో పుడతాడన్న ఆలోచన మనకి తైత్తిరీయ సంహిత నాటిది. ‘అమ్మానాన్నల రుణం తీర్చుకోలేం’ అని ఇప్పటికీ అంటూనే ఉంటాం కదా. ఈనియాస్ వేదన ఈ వాక్యం ఎరిగినవాళ్ళకి వేరే వివరించక్కర్లేదు.

కావ్యం రెండో భాగంలో ట్రాయ్ తగలబడుతుంటుంది. ఈనియాస్ ముసలి తండ్రి యాంకైసిస్‌ని భుజాల మీద ఎక్కించుకుంటాడు. తన చేతులకి నెత్తురుంది కాబట్టి ఇంటి దేవతల బొమ్మల్ని తండ్రినే పట్టుకోమంటాడు. కొడుకు చెయ్యి పట్టుకుంటాడు. మనకి వెంటనే కావడి మోస్తున్న శ్రవణకుమారుడు గుర్తొస్తాడు. రోమన్లకి ‘పియెతాస్’ అంటే ఇదే బొమ్మ. జూలియస్ సీజర్ దీన్ని నాణెం మీద ముద్రించాడు. అయితే వర్జిల్ గీసిన ఆ బొమ్మలో నాలుగో మనిషి ఉంది. భార్య క్రెయూసా. ఆమెని కాస్త దూరంగా వెనకాల నడవమంటాడు. ఊరి బయట గుడి దగ్గరకి చేరేదాకా వెనక్కి తిరిగి చూడడు. చూసేసరికి ఆమె ఉండదు. పిచ్చివాడిలా వెనక్కి పరిగెత్తి వెతుకుతాడు, కానీ కనిపించేది ఆమె నీడే. భుజం మీద ఒక బాకీ, చేతిలో ఒక బాకీ. భార్య ఆ పట్టీలో ఆఖరున ఉంది, జారిపోయింది.

నాలుగో భాగంలో డైడో. దేవుడి ఆజ్ఞ వచ్చిందని ఈనియాస్ ఆమెని వదిలి వెళ్ళడానికి సిద్ధపడతాడు. ఆమె ఏడ్చి, తిట్టి, కుప్పకూలుతుంది. అతనికి ఓదార్చాలని ఉంటుంది, మనసు కదిలిపోతుంది, అయినా ఓడల వైపు నడుస్తాడు. సరిగ్గా ఆ వాక్యంలో కవి అతన్ని ‘పియుస్’ అంటాడు. చాలామంది పాఠకులకి ఒళ్ళు మండేది ఇక్కడే. మండాలి కూడా. సీతని అడవికి పంపిన రాముడి దగ్గర మనం పడే ఇబ్బందే ఇది. కానీ వర్జిల్ ఇక్కడ సర్టిఫికెట్ ఇస్తున్నాడని నేననుకోను. బాకీ తీర్చడానికి పెట్టిన ఖర్చు ఎవరి ఖాతాలోంచి పోయిందో చూపిస్తున్నాడు.

ఆఖరి భాగం ఇంకా కఠినం. గాయపడ్డ టర్నస్ మోకాళ్ళ మీద పడి, ముసలి తండ్రి పేరు చెప్పి వేడుకుంటాడు. లొంగినవాళ్ళని వదిలెయ్యమని ఆరో భాగంలో పాతాళంలో యాంకైసిస్ రోమన్లకి చెప్పి ఉన్నాడు. మరోవైపు టర్నస్ చంపిన కుర్రాడు పాలస్ ఉన్నాడు. టర్నస్ ప్రాణం నీ కుడిచెయ్యి మాకు బాకీ ఉందని ఆ కుర్రాడి తండ్రి ఎవాండర్ కబురు పెట్టాడు. రెండూ పియెతాసే. ఈనియాస్ ఒక్క క్షణం ఆగుతాడు. టర్నస్ భుజాన పాలస్ పట్టీ కనబడగానే క్రోధంతో రగిలి పొడిచేస్తాడు. కావ్యం అక్కడితో ఆగిపోతుంది. ఆ చోట ‘పియుస్’ అన్న మాట లేదు. మొదటి భాగంలో జూపిటర్, ‘ఇంపియుస్’ అయిన క్రోధాన్ని ఒకరోజు సంకెళ్ళతో బంధిస్తారని మాటిచ్చాడు. పియుస్‌కి వ్యతిరేక పదమది. చివరి వాక్యాలకి వచ్చేసరికి ఆ క్రోధం నాయకుడి ఒంట్లోనే ఉంది.

ఇది రాస్తున్న కాలం కూడా గమనించాలి. క్రీ.పూ. 27లో రోమన్ సెనేట్ అగస్టస్‌కి ఒక బంగారు డాలు ఇచ్చింది. దాని మీద పేర్కొన్న నాలుగు సుగుణాల్లో పియెతాస్ ఒకటి. తండ్రి స్థానంలో ఉన్న సీజర్ హత్యకి పగ తీర్చుకుని పైకొచ్చినవాడు అగస్టస్. డాలు మీద ఆ మాట నున్నగా మెరుస్తుంది. అదే పాలనలో వర్జిల్ ఆ మాటకున్న గరుకుదనం మొత్తం చూపించాడు.

నన్నడిగితే ‘పియుస్’కి తెలుగులో ‘బాధ్యుడు’ అంటాను. బాధ్యత, బాధ ఒకే ధాతువు బిడ్డలు. పైగా మన వాడుకలో ‘బాధ్యుడు’ అంటే భారం మోసేవాడే కాదు, జరిగినదానికి జవాబు చెప్పాల్సినవాడు కూడా. ‘ఈ చావుకి బాధ్యుడెవరు?’ అని అడుగుతాం. తండ్రిని మోసిన ఈనియాస్, డైడోని వదిలిన ఈనియాస్, టర్నస్‌ని పొడిచిన ఈనియాస్, ముగ్గురికీ ఈ మాట సరిపోతుంది. ‘పుణ్యాత్ముడు’ మొదటివాడితోనే ఆగిపోతుంది.