పాత పంచాంగము పారవేయదగునా?

ఉగాది రాగానే పాత పంచాంగమును పక్కన పెట్టి కొత్తది తెచ్చుకొనుట తెలుగు ఇండ్లలో అలవాటు. ఈ ఏటి ముహూర్తమునకు నిరుటి పంచాంగము పనికిరాదు. కాని నిరుడు పుట్టిన బిడ్డకు జాతకము వేయవలసినప్పుడు నిరుటిదే కావలెను. కొత్తది ఎంత శ్రద్ధగా గణించినదైనను అక్కరకు రాదు. సాఫ్ట్‌వేరుకు తోడుగా వచ్చు వివరణ గ్రంథముల సంగతియు ఇట్టిదే.

డేటాబేస్ అనగా సమాచారమును క్రమముగా భద్రపరచి, అడిగిన వెంటనే వెదకి ఇచ్చు సాఫ్ట్‌వేర్. బ్యాంకు ఖాతాలు, రైలు టిక్కెట్లు, ఆసుపత్రి రికార్డులు ఇట్టివాటిలోనే నిలువ ఉండును. కొన్ని డేటాబేసుల మూలరచనను ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. వీనినే ఓపెన్ సోర్స్ అందురు. డెబియన్ వంటి బృందములు వీనిని సేకరించి, సరిచూచి, కంప్యూటరులో తేలికగా అమర్చుకొనుటకు వీలుగా ప్యాకేజీలు కట్టి పంచుచున్నవి. గ్రంథము కూడ ప్యాకేజీగా వచ్చినచో ఇంటర్నెట్ లేనిచోట సైతము యంత్రము పక్కనే దాని గ్రంథము ఉండును.

ఇట్టి గ్రంథములను విమర్శించువారు భాష తేటగా ఉన్నదా, ఉదాహరణలు చాలినన్ని ఉన్నవా అని చూతురు. అది అవసరమే. కాని అంతకు ముందు అడుగవలసిన ప్రశ్నలు రెండు కలవు. సాఫ్ట్‌వేర్ పోయిన చోటికెల్ల గ్రంథము పోగలదా? సాఫ్ట్‌వేరులో ఒక కూర్పు, అనగా ఒక వెర్షన్, కాలము తీరి విశ్రమించినప్పుడు దాని గ్రంథము ఏమగును?

మొదటి ప్రశ్నకు మైఎస్‌క్యూఎల్ చరిత్ర మంచి పరీక్ష. స్వీడన్ దేశమున పుట్టిన ఈ డేటాబేస్ 1995లో వెలువడినది. 2000లో జీపీఎల్ అను స్వేచ్ఛా లైసెన్సు కిందికి వచ్చినది. దాని మాన్యువల్ విపులమైనది, చదువరికి దారి తప్పనీయనిది. కాని ఆ లైసెన్సు ప్రోగ్రామునకే గాని మాన్యువల్‌కు వర్తింపలేదు. సొంత వాడుకకు ప్రతి అచ్చు వేసికొనవచ్చును. విషయమును మార్చి పంచుటకు మాత్రము అనుమతి లేదు. అందువలన డెబియన్ తన సూత్రముల ప్రకారము మాన్యువల్‌ను ప్రధాన సంచయమున చేర్చక, స్వేచ్ఛ లేనివాటి విభాగమున వేరుగా ఉంచవలసి వచ్చినది. యంత్రము ఒక అంగడిలో, దానిని నడుపు విధానము మరొక అంగడిలో దొరికినట్లయినది.

ఈ కట్టుబాటు బరువు 2009లో బాగుగా తెలిసివచ్చినది. మైఎస్‌క్యూఎల్ నిర్మాతలలో ముఖ్యుడైన మైకేల్ విడేనియస్ ఆ సంవత్సరము మారియాడీబీ అను కొత్త శాఖను నెలకొల్పినారు. ప్రోగ్రామును వెంట తీసికొనిపోగలిగినారు గాని మాన్యువల్‌ను తీసికొనిపోలేకపోయినారు. ప్రోగ్రాములోనే ఇమిడియున్న సహాయ వాక్యములు జీపీఎల్ కిందివి గనుక అవి ఉపయోగపడినవి. తక్కిన వివరణమును చాలవరకు కొత్తగా వ్రాసికొనవలసి వచ్చినది. 2010లో మైఎస్‌క్యూఎల్ ఒరాకిల్ సంస్థ చేతికి వచ్చినది. 2013లో 5.5.31 కూర్పుతో వచ్చిన మాన్ పుటలలో, అనగా ఆజ్ఞలను వివరించు చిన్న పుటలలో, జీపీఎల్ వాక్యము పోయి మరొక షరతు కనిపించినది. మారియాడీబీవారు దీనిని ఎత్తిచూపగా, అది తయారీలో దొర్లిన పొరపాటని మైఎస్‌క్యూఎల్‌వారు తెలిపి సరిదిద్దినారు. వారి మాటను శంకింపనక్కరలేదు. ఒక్క వాక్యము మారినంతనే గ్రంథపు గతి ఎట్లు మారునో ఈ సంఘటన చూపినది.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పద్ధతి ఇందుకు భిన్నము. 1986లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకర్ నడిపిన పరిశోధన నుండి పుట్టిన డేటాబేస్ ఇది. దీని గ్రంథము ప్రోగ్రాముతోబాటు ఒకే మూలభాండారమున, ఒకే లైసెన్సు కింద ఉన్నది. కనుక డెబియన్ దానిని అడ్డంకి లేకుండ ప్యాకేజీ కట్టుచున్నది. ప్యాకేజీ పేరులోనే కూర్పు సంఖ్య ఉండును. 2023లో వచ్చిన 12వ డెబియన్‌తో 15వ కూర్పు గ్రంథము, 2025లో వచ్చిన 13వ డెబియన్‌తో 17వ కూర్పు గ్రంథము వచ్చినవి.

రెండవ ప్రశ్న విశ్రాంతిని గూర్చినది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ప్రధాన కూర్పు ఒక్కొక్కటి ఐదేండ్లపాటు సవరణలు పొందును. 2016లో వెలువడిన 9.6 కూర్పునకు 2021 నవంబరులో గడువు తీరినది. గడువు తీరినంతనే ఆ కూర్పుతో నడుచు సర్వర్లన్నియు ఆగిపోవు. వానిని కాచుకొనియున్న ఉద్యోగికి ఆనాటి గ్రంథమే దిక్కు.

ఒక ఉదాహరణము చాలును. వర్తకుడు బేరమును మొదట చిట్టాలో వ్రాసి, పిదప ఆవర్జాకు ఎక్కించును. డేటాబేస్ కూడ ప్రతి మార్పును మొదట ఒక చిట్టాలో వ్రాయును. కరెంటు పోయి యంత్రము నడుమ ఆగినచో ఆ చిట్టాను చూచియే లెక్క సరిచేసికొనును. 9.6 వరకు ఈ చిట్టా ఉన్న ఫోల్డరు పేరు పీజీ ఎక్స్‌లాగ్. లాగ్ అను మాటను చూచి, ఇది పనికిరాని దినచర్య కాబోలునని తలచి, డిస్కులో చోటు కొరకు దానిని చెరిపి డేటాబేసును పాడుచేసికొన్నవారు కలరు. అందుచేత 2017లో 10వ కూర్పున దాని పేరు పీజీ వాల్‌గా మార్చినారు. మార్పు మంచిదే. అయితే పాత సర్వరు ముందు కూర్చున్నవానికి కొత్త గ్రంథపు అధ్యాయములలో పాత పేరు కనిపించదు. చెరుపవద్దని చెప్పు పుట దొరకని చోటనే చెరుపు జరుగును.

పాత గ్రంథము వలనను ప్రమాదము లేకపోలేదు. రికవరీ డాట్ కాన్ఫ్ అను ఫైలు 11వ కూర్పు వరకు అవసరము. 2019 నాటి 12వ కూర్పున ఆ ఫైలు కనిపించినచో సర్వరు మొదలు కానే కాదు. కావున పాతదానిని దాచిన చాలదు, పాతదని ముఖముననే చెప్పవలెను. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌వారు 1998 నాటి 6.3 కూర్పు మొదలుకొని గ్రంథములను నిలువ ఉంచి, గడువు తీరినవాటిపై ఆ సంగతిని సూచించుచున్నారు. ఇది ప్రశంసింపదగిన పని.

లోపము మరొకచోట ఉన్నది. రికవరీ డాట్ కాన్ఫ్ పుటను తొలగించినప్పుడు దానిని చూపు పాత దారులు తెగిపోయినవి. రద్దయిన పేర్లు, మారిన పేర్లు ఎక్కడికి పోయినవో తెలుపు అనుబంధము 2021లో గాని చేరలేదు. ఆ అనుబంధము ఎంతో ఉపకారము చేయుచున్నది, కాని మరీ చిన్నది. పేరు మార్చిన దినముననే అందులో ఒక వాక్యము చేర్చుట నియమము కావలెను. తెలిసినవారికి అది చిన్న పని, తెలియనివారికి అదే పెద్ద అండ.

ఈ రెండింటిని పోల్చినచో తీర్పు చెప్పుట కష్టము కాదు. రచనలో మైఎస్‌క్యూఎల్ మాన్యువల్ తీసిపోదు, కాని దాని కాలికి బంధమున్నది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ గ్రంథము స్వేచ్ఛగా తిరుగును, కాలము తీరినను చేతికి అందును. సర్వరును కాచువారు తమ కూర్పు సంఖ్యగల గ్రంథపు ప్యాకేజీనే అమర్చుకొని, కొత్త కూర్పునకు మారిన పిదప కూడ పాత ప్రతిని కొంతకాలము దాచుట మేలు. వెనుకకు మరలవలసి వచ్చిన రాత్రి దాని విలువ తెలియును.