కాలజ్ఞాన వాక్యములు – పాఠకాల విచారము

ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకల ప్రాంతమున ప్రళయమును గూర్చిన మాట వచ్చినపుడు పోతులూరి వీరబ్రహ్మముగారి పేరు వినబడక మానదు. కందిమల్లాయపల్లె ఇచ్చటికి దూరమే. ఐనను ఎర్రకాలువ పొంగును, ఉప్పుటేటి పోటును ఎరిగినవారికి జలనాశమనునది వట్టి కల్పనగా తోచదు. 1984లో వెలువడిన చలనచిత్రము ఆ వాక్యములను చదువురానివారి నాలుకలపై సైతము నిలిపినది.

ఈ వాక్యములలో క్రియ భవిష్యదర్థకము. కాలము మాత్రము పెక్కింట అనిర్దిష్టము. సంవత్సరనామము చెప్పినచోటను అది అరువదేండ్లకు మరల వచ్చు పేరే. 1962 ఫిబ్రవరి 3 మొదలు 5 వరకు మకరరాశిలో సంభవించిన అష్టగ్రహకూటమి విషయము వేరు. నాటి భీతికి తేదీ కలదు. దేశమంతట యజ్ఞములు జరిగినవి, తేదీ గడచినది, హేతువాదికి అన్యసాక్ష్యముతో పనిలేకపోయినది. (ఆ ఎనిమిదింట కేతువు గణితబిందువేకాని కంటికి కనబడు గోళము కాదు.) తేదీ లేని వాక్యమును ఇట్లు ఓడించుట సాధ్యము కాదు. 1940లో ముదునూరున నాస్తికకేంద్రమును స్థాపించిన గోరాగారి మార్గమువారు మూఢభీతిని ఎదుర్కొనుటలో చేసిన కృషి గొప్పదే. కాని కాలజ్ఞానముపై పరిహాసము చాలదని మా అభిప్రాయము. జోస్యమునకు కాదు, పాఠమునకు తేదీ అడుగవలెను.

2020లో కరోనా వ్యాపించినపుడు ‘కోరంకి’ యను వ్యాధిని పేర్కొను పద్యము ఊరూర ప్రచారమైనది. అన్వయమునకు ఆధారము శబ్దసామ్యమొక్కటే. కోరంగి గోదావరీముఖమున 1839 తుపానుచే నాశమైన రేవుపట్టణము. పద్యములోని పదము రోగనామమా, గ్రామనామమా, లేఖకదోషమా యని విచారింపకయే అర్థము నిర్ణయింపబడినది.

కనకదుర్గ ముక్కుపుడకను కృష్ణ తాకుననుట మరియొకటి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశము బరాజువద్ద ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులకు చేరగా ఆ మాట మరల వినవచ్చినది. కాని సింగునగరము మునుగుటకు కారణము కృష్ణ కాదు, కొల్లేటికి పోవు బుడమేరు. ఏటి ఇరుకును, గండ్లును, దిగువ కొల్లేటిలో చేపలచెరువుల గట్లును చర్చింపవలసిన వేళ జనుల చూపు ముక్కుపుడకపై నిలిచినది. ఆ గట్లను కొట్టివేయు ప్రయత్నము 2006లోనే జరిగినది. 2020 డిసెంబరులో ఏలూరున ఆరువందలమందికి పైగా మూర్ఛలతో పడిపోయినపుడు ఉపకరించినది రక్తపరీక్షయే. సీసము, నికెలు కనబడినవి, పిమ్మట పురుగుమందులపైకి విచారణ మరలినది.

ఆస్తికపక్షమున మేము గౌరవించు వాదమొకటి కలదు. దూదేకుల సిద్ధయ్యను శిష్యునిగా గ్రహించిన గురువు కులగర్వమును హెచ్చరించుటకే భవిష్యత్తును చెప్పెనుగాని పంచాంగము వ్రాయలేదని వారి భావము. క్రైస్తవ సువార్తయు అంత్యదినమును ఎవరును ఎరుగరనియే చెప్పుచున్నది. ఈ దృష్టితో చూచిన ‘జరిగినది, జరుగలేదు’ అను లెక్క భక్తునికే అనవసరము. ఆ లెక్కను పెంచినవారు వ్యాఖ్యాతలు.

పరిశోధకుల పని ఇంకను మిగిలియున్నది. ‘కోరంకి’ పద్యము 2020కి పూర్వపు ఏ ముద్రణమున, ఏ పాఠముతో ఉన్నదో చూడవలెను. ఏలూరు పరిసరములలో ఇండ్లయందున్న పాతప్రతులనుండి ఆ వెదకులాటను ఆరంభింపవచ్చును.