తులానికి ఉన్న మర్యాద

ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో తూకం వేసేటప్పుడు చూడండి. త్రాసు చుట్టూ అద్దాల పెట్టె ఉంటుంది. ఫ్యాను గాలికి అంకె కదులుతుందని శెట్టిగారు ఆ పెట్టె మూసి, అంకె నిలబడేదాకా మనల్ని ఆగమంటాడు. కొనేవాడూ ఊపిరి బిగబట్టి చూస్తుంటాడు.

ఆ బజారు దాటి పోయిన వేసవిలో ఒక క్లినిక్‌కు పోయినాను. అంతకుముందే ఎర్రకారం దోసె తిన్నా, టీ తాగినా, ఎండలో నడిచి మేడ మెట్లెక్కినా. కూర్చున్నానో లేదో చొక్కా చేతి మీదే పట్టీ చుట్టారు. చెయ్యి పక్కకు వేలాడుతోంది. అవతల కుర్చీలోని తెలిసినాయన పొలం రిజిస్ట్రేషన్ గురించి అడుగుతుంటే జవాబు చెబుతున్నా. 158/96. “బీపీ వచ్చింది సార్” అన్నారు. సాయంత్రం జమ్మలమడుగులో ఇంటికొచ్చి, కాసేపు నిమ్మళంగా కూర్చుని, చెయ్యి బల్ల మీద పెట్టి కొలుచుకుంటే 134/84. చెవి కమ్మలకు ఇచ్చే మర్యాద గుండెకు ఇవ్వలేదే అని ఆ రోజు అనిపించింది.

కొలత పద్ధతి పుస్తకాల్లో ఉన్నదే. అరగంట ముందు నుంచి టీ, సిగరెట్టు వద్దు. మూత్రానికి పోయి రావాలి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. బట్ట మీద కాదు, చర్మం మీద పట్టీ. లావు చేతికి పెద్ద పట్టీ. చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండోసారి చూడాలి. చెయ్యి ఎక్కడుంటే ఏమవుతుంది అనుకోవద్దు. 2024లో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు 133 మంది మీద ఇదే పరీక్షించారు. చెయ్యి ఒడిలో ఉంటే పై అంకె దాదాపు 4, పక్కన వేలాడితే 6.5 ఎక్కువ చూపింది. మరోపక్క 2017లో అమెరికా డాక్టర్ల సంఘాలు బీపీ గీతను 140/90 నుంచి 130/80కి దించాయి. మన దేశంలో ప్రభుత్వ కార్యక్రమం ఇంకా 140/90 మీదే నడుస్తోంది. గీత పది అంకెలు అటూ ఇటూ అయితే కోట్లమంది రాత్రికి రాత్రి రోగులవుతారు, లేదా కాకుండా పోతారు. అలాంటి చోట ఆరు అంకెలంటే తక్కువా?

కాబట్టి డాక్టరును ప్రశ్నించడం తప్పని నేననను. మా చిన్నాయన ప్రశ్నించిన తీరుతోనే నాకు పేచీ. ఆయనది పులివెందుల, వయసు 72.

“అబ్బీ, నలభై దినాలాయ మాత్తర మానేసి. కషాయం తాగుతాండా. రాయి మాదిరి ఉండా.”

“కొలిపించుకున్యావా చిన్నాయనా?”

“కొలిచేదేంది, నా ఒళ్లు నాకు తెలీదా? అయినా వయసుకు నూరు కలుపుకో. నాకు 172 దాకా ఉండచ్చు.”

ఫోనులో ఎవరో పంపిన వీడియోలు ఆయన ధైర్యం. వాటిలో ఎక్కువ మన చిరుధాన్యాల ఖాదర్‌వలి గారి పేరు మీద తిరిగేవి. ఆయన పుట్టింది ప్రొద్దుటూరు, ఉండేది మైసూరు, 2023లో పద్మశ్రీ వచ్చింది. మన వైపు ఆయన కాబట్టి మనవాళ్లకు గురి ఎక్కువ. వరి, గోధుమ పళ్లేన్ని ఆక్రమించాయి, కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికలు తిరిగి రావాలి అంటాడాయన. ఆ మాటలో సగానికి నేను ఒప్పుకుంటా. (రాయలసీమ ప్రాణమైన రాగిని మాత్రం ఈ అయిదింటిలో చేర్చక తటస్థ ధాన్యాల్లో పెట్టాడు. అందుకు మా అవ్వ బతికుంటే ఆయనతో తగాదా పడేది.) అయితే కొర్రన్నం మంచిదన్న మాటకూ, మాత్ర మానొచ్చన్న మాటకూ మధ్య పెద్ద వంక ఉంది. చిన్నాయన దాన్ని కొలవకుండానే దూకినాడు.

వైద్యం తనను తాను ప్రశ్నించుకోలేదా అంటే, దానికన్నా ఎక్కువ ఎవరూ ప్రశ్నించలేదు. గట్టిపడిన నాళాల్లో రక్తం పారాలంటే ఎక్కువ ఒత్తిడి అవసరమేనని ఒకప్పుడు పెద్ద డాక్టర్లే నమ్మారు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై పోయిన రోజున ఆయన బీపీ 300/190. ఆ నమ్మకాన్ని కూల్చింది వాదన కాదు, లెక్క. 1967లో వెలువడిన అధ్యయనంలో డాక్టరు ఎడ్వర్డ్ ఫ్రైస్ బృందం కింది అంకె 115 నుంచి 129 మధ్య ఉన్న 143 మంది మగవాళ్లను తీసుకుంది. సగం మందికి మందులు, సగం మందికి ఉత్తుత్తి మాత్రలు. ఉత్తుత్తి మాత్రలవాళ్లలో 27 మందికి తీవ్ర ప్రమాదాలు జరిగాయి. మందులవాళ్లలో ఇద్దరికే.

ఆ మందుల్లో రిసెర్పిన్ ఒకటి. అది ఎక్కడిది? మన సర్పగంధ వేరుది. ఆ వేరు బీపీని దించుతుందని బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాడు. 1952లో దాన్నుంచి రిసెర్పిన్‌ను వేరు చేశారు. అంటే కషాయానికీ మాత్రకూ పుట్టుకతో వైరం లేదు. ఎంత తాగితే ఎంత దిగింది, ఎంతమంది బతికారు, ఎవరికి వికటించింది అన్న లెక్క మాత్రకు ఉంది, కషాయానికి లేదు. చిన్నాయన “వయసుకు నూరు” సూత్రాన్నీ అలాగే తూచారు. 80 దాటిన 3,845 మందిలో సగం మందికి మందులతో బీపీ తగ్గించి చూస్తే చావులు అయిదో వంతు తగ్గాయని 2008లో తేలింది.

తేలనివీ ఉన్నాయి. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మరీ తగ్గినా చేటేనేమోనని ప్యూర్ అనే అధ్యయనం 2014లో పేచీ పెట్టింది. ఊరబిండి, ఊరమిరపకాయలు, నిమ్మ ఊరగాయ లేనిదే ముద్ద దిగని మనకు ఉప్పు తక్కువైనవాళ్ల గొడవతో పనిలేదు.

ఉప్పు సంగతి అటుంచి మా వైపు వైద్యం సంగతికి వస్తే, జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో డాక్టరుగా చేసి, 1973లో పులివెందులలో తండ్రి పేరిట 70 పడకల ఆసుపత్రి పెట్టిన వైఎస్ రాజశేఖరరెడ్డి, ముఖ్యమంత్రి అయ్యాక 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చాడు. పేదవాడి గుండెకు ఆపరేషన్ అందింది. గొప్ప పనే. అయితే మంచి బీపీ మిషన్ రెండు మూడు వేలకు వస్తుంది. ఊరికి నూటనాలుగు బండి వస్తే బీపీ ఊరికే చూస్తారు. ఆపరేషన్ దాకా పోకుండా ఆపేది అక్కడే మొదలవుతుంది.

చిన్నాయనతో వాదించి లాభం లేదనుకుని నా మిషన్ ఇచ్చి వచ్చినా. వారం దినాలు, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నోటు పుస్తకంలో రాయమన్నా. ఎనిమిదో రోజు ఆయనే ఫోను చేసినాడు. పై అంకె ఒక్కసారీ 160కి తగ్గలేదు. పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి పోయినాడు. డాక్టరు మాత్ర మళ్లీ మొదలుపెట్టి, కొర్రన్నం మానొద్దన్నాడట. మొన్న ఆదివారం అంకె 138/82. ఊరబిండి మాత్రం ఇంకా వదల్లేదు.

మీ ఇంట్లో మాత్ర మానేసినవాళ్లుంటే తిట్టొద్దు. ఒక పుస్తకం, పెన్సిలు ఇచ్చి వారం రాయించండి. ఆ పుస్తకం డాక్టరుకు చూపించండి.