తప్పిపోయిన కుమారుడు చెప్పని మాట: స్వగతము, సంభాషణ

తప్పిపోయిన కుమారుని ఉపమానమును బోధించునప్పుడు, అతడు తనలో కూర్చుకొన్న మాటలను (లూకా 15:18-19), తండ్రి యెదుట పలికిన మాటలను (15:21) మనము ఒకటిగానే చదువుతాము. అవి ఒకటి కావు. పందుల యొద్ద సిద్ధపరచుకొన్న దానిలో పాపపు ఒప్పుకోలు, కుమారుడననిపించుకొనుటకు అయోగ్యత, కూలివానిగా పెట్టుకొనుమను మనవి ఉన్నవి. తండ్రి యెదుట ఈ మనవి వినబడదు. సీనాయి, వాటికన్ ప్రతులలో అది 21లో కూడ ఉన్నది గాని, 19వ వచనమును బట్టి లేఖకులు చేర్చియుందురను అభిప్రాయమునే మేము అంగీకరిస్తున్నాము.

ఆ మనవి ఏమైనది? రష్యా భాషావేత్త లెవ్ యాకుబిన్‌స్కీ 1923లో సంభాషణను గూర్చి వ్రాసిన వ్యాసము ఇక్కడ తోడ్పడుతుంది. ఒకరి మాటకు మరొకరు అడ్డు వచ్చుట సంభాషణకు సహజ లక్షణమని, ముఖకవళికలు, సంజ్ఞలు, కంఠస్వరము కూడ అందులో మాట్లాడునని ఆయన చూపించెను. తండ్రి అడ్డు వచ్చెనని లూకా వ్రాయలేదు, నిజమే. అయితే పరుగు, కౌగిలి, ముద్దు ఒప్పుకోలుకు ముందే జరిగిపోయినవి. ఆ పైన తండ్రి కుమారునికి జవాబే చెప్పడు, దాసులతో మాట్లాడుతాడు. కూలి సంగతి ఎత్తుటకు చోటు లేదు.

యాకుబిన్‌స్కీ ఆలోచనను కొనసాగించిన వైగోత్‌స్కీ (1934), మనిషి లోలోపల ఆడుకొను మాట ముక్కలుగా, కుదించబడి ఉండునన్నాడు. ఈ కుమారుని మాటలు అట్లు లేవు. పూర్తి వాక్యములు, సంబోధనతో సహా. కథ చెప్పువాడు వినువారి కొరకు పూరించెనని అనవచ్చును. మాకు మాత్రము ఇది మరొకరి చెవి కొరకు వల్లెవేసుకొన్న ప్రసంగముగా తోచుచున్నది. ఆ ఊహలోని శ్రోత కూలివారిని పెట్టుకొను యజమాని, ఎదురైనవాడు తండ్రి. పశ్చాత్తాపమంతయు 17-19 వచనములలోనే ముగిసినట్లు బోధించు ప్రసంగములలో (మావి కూడ కొన్ని) ఈ తేడా మరుగైపోయినది.

వెఱ్ఱి ధనవంతుడు (12:16-20) కూడ తనలో తాను మాట్లాడుకొనెను. అతని శ్రోత అతని ప్రాణమే. ఆ స్వగతమును ఖండించినది దేవుని స్వరము.

పెద్ద కుమారుడు చెప్పినది (15:29-30) తండ్రి యెదుట పలికినదే అయినను ఏకభాషణ వంటిది. ఏండ్ల తరబడి లోపల పేర్చుకొన్న లెక్క. “నీ కుమారుడు” అని అతడంటే, తండ్రి “నీ తమ్ముడు” అని తిప్పి పలికెను. దానికి అతడేమనెనో లూకా వ్రాయలేదు. ఆ జవాబును మనమే పూరించి, అతనికి తీర్పు తీర్చి, ప్రార్థనతో ముగించుచున్నాము.