కాపరి కౌన్సెలింగ్‌లో సంస్కృతి పాత్ర: పోచంపల్లి నేపథ్యంలో ఒక విమర్శనాత్మక పరిశీలన

మన వేదాంత కళాశాలల్లో కాపరి కౌన్సెలింగ్ పాఠము ఒక గదిని ఊహించుకొని సాగుతుంది. ఆ గదికి తలుపు ఉంటుంది. లోపల ఇద్దరే కూర్చుంటారు. వచ్చినవాడు "నేను" అని మొదలుపెట్టి తన బాధ చెప్పుకుంటాడు. వినేవాడు తీర్పు తీర్చడు, సలహా ఇవ్వడు, వింటాడు. ఈ పద్ధతికి ఆద్యుడు కార్ల్ రోజర్స్. న్యూయార్క్‌లోని యూనియన్ సెమినరీలో కొంతకాలం చదివి, ఆ మార్గం విడిచి మనస్తత్వశాస్త్రంలోకి వెళ్ళిన వ్యక్తి ఆయన. క్లయింటే కేంద్రమని చెప్పిన ఆయన గ్రంథం 1951లో వెలువడింది. 1966లో హోవర్డ్ క్లైన్‌బెల్ కాపరులు రోజర్స్ మీదనే ఆధారపడటం చాలదని చెప్పి పద్ధతిని విస్తరింపజేశాడు. 1970లో జే ఆడమ్స్ దాన్ని పూర్తిగా తోసిపుచ్చి, శారీరక కారణము లేని చోట సమస్యకు మూలము పాపమేనని, వాక్యముతో సరిదిద్దాలని వాదించాడు. ఈ ముగ్గురూ ఒకరినొకరు ఖండించుకున్నట్టు కనిపించినా రోజర్స్‌కు, ఆడమ్స్‌కు ఒక పోలిక ఉంది. ఇద్దరి ఎదుటా కూర్చున్నది ప్రధానంగా ఒంటరి వ్యక్తే.

అదే 1951లో, ఏప్రిల్ 18న, పోచంపల్లిలో మరొక రకమైన సంభాషణ జరిగింది. వినోబా భావే ఎదుట అక్కడి దళితులు తమకు 80 ఎకరాలు కావాలని అడిగారు. ఆ సభలోనే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదాన ఉద్యమము ఆ తర్వాత ఏ మేరకు ఫలించిందన్నది వేరే చర్చ. దీన్ని కౌన్సెలింగ్ అనడం కూడా నా ఉద్దేశం కాదు. బాధను పదిమందిలో, "మాకు" అని చెప్పుకునే ప్రజల మధ్యకు "నేను" అని మొదలుపెట్టే గదిని తీసుకొచ్చినప్పుడు ఏమవుతుందో మనము ఎన్నడూ పరీక్షించి చూడలేదని మాత్రమే అంటున్నాను.

మొదట భాషను చూద్దాం. మా ప్రాంతంలో ఎవరూ "నాకు డిప్రెషన్" అని రారు. "రంది పట్టింది" అంటారు. "కొడుకు మనాదితో మంచం పట్టింది" అంటారు. రంది ఎప్పుడూ దేని గురించో, ఎవరి గురించో ఉంటుంది. అప్పు గురించి, పెండ్లి కాని బిడ్డ గురించి. ఒక్క మనిషి లోపల మాత్రమే ఉండే జబ్బుకు ఆ మాట సరిపోదు. "మీకు ఎలా అనిపిస్తుంది?" అని పుస్తకంలోని ప్రశ్న అడిగితే, "ఏముందయ్యగారు, అట్లనే నడుస్తున్నది" అంటారు. తలకాయ బరువని, కాళ్ళు చేతులు గుంజుతున్నయని చెబుతారు. పాఠ్యపుస్తకము దీన్ని ప్రతిఘటన అని రాసుకోమంటుంది. నా దృష్టిలో అది ప్రతిఘటన కాదు, మనము నేర్చుకోని భాష.

రెండవది, ఇల్లు. గుంట మగ్గం ఉన్న ఇంట్లో సగం చోటు మగ్గానిదే. భర్త నేస్తుంటే భార్య కండెలు చుడుతుంది, ఆసు పోస్తుంది. తలుపు మూసి మాట్లాడుకునే గది ఎక్కడిది? ఆసు పోయడంలో చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశాడు. 1999లో అది పూర్తయింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ తల్లికి కావలసింది తన భావాలను వ్యక్తపరచే అవకాశము కాదు, భుజానికి విశ్రాంతి. సిరిసిల్లలో నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్న రోజులను మనము చూశాము. అప్పు కింద నలిగినవానికి ఆడమ్స్ పద్ధతిలో పాపమును ఎత్తిచూపడం యోబు స్నేహితుల పని. వారు నోరు తెరవకముందు ఏడు దినములు నేలమీద కూర్చున్నారు. అంతవరకే వారు మంచి కౌన్సిలర్లు.

అయితే "మన సంస్కృతి" అనగానే సమస్య తీరిపోదు. 1973లో జె. ఎస్. నెకీ గురుశిష్య సంబంధమే భారతీయ మనోచికిత్సకు తగిన నమూనా కావచ్చని ప్రతిపాదించాడు. స్వతంత్రతే ఆరోగ్యమని, ఆధారపడటం రోగమని పాశ్చాత్యులు అనుకున్నదాన్ని ఆయన ప్రశ్నించిన తీరు విలువైనది. కాని ఆ గురువు పాదాల దగ్గర ఎవరిని కూర్చోనిచ్చారు? నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మన సంఘములలో అత్యధికులు మాల, మాదిగ పల్లెలనుండి వచ్చినవారు. ఏకలవ్యుని బొటనవేలు వారికి కథ కాదు. "అయ్యగారు చెప్పింది దేవుడు చెప్పినట్టే" అనే మాట మనకు తియ్యగానే ఉంటుంది. అందుకే గురుపీఠము కాపరికి ప్రమాదకరము.

నా సొంత తప్పులు రెండు చెప్పాలి. వివరాలు మార్చి చెబుతున్నాను. నిద్ర పట్టడం లేదని ఒక యువతి అత్తగారితో వచ్చింది. నేర్చుకున్న ప్రకారం అత్తను బయట కూర్చోమని తలుపు దగ్గరగా వేశాను. ఆ అమ్మాయి ఏమీ చెప్పలేదు. సాయంత్రానికి వాడకట్టంతా, అయ్యగారు కోడలితో లోపల ఏం మాట్లాడిండు అనే ముచ్చటే. ఆమె ఆరాధనకు రావడం మానేసింది. మూడు నెలల తర్వాత నా భార్య వాళ్ళింటికి వెళ్ళి పక్కన కూర్చుని కండెలు చుడుతుంటే సంగతి బయటపడింది. మాస్టర్ వీవర్ దగ్గర బాకీ, భర్త తాగుడు, దెబ్బలు. అప్పుడు రెండవ తప్పు చేశాను. పదిమందిలో మాట్లాడటమే మన పద్ధతి గదా అని సంఘ పెద్దలను కూర్చోబెట్టాను. వారు ఆమెను సర్దుకొమ్మన్నారు. దెబ్బలు పెరిగాయి. ఆమె పుట్టింటికి వెళ్ళిపోయింది.

మొదటి తప్పు పుస్తకమును నమ్మి చేసింది, రెండవది సంస్కృతిని నమ్మి చేసింది. మెన్నోనైట్ వేదాంతి డేవిడ్ ఆగ్స్‌బర్గర్ 1986లో రాసిన గ్రంథములో, ఎదుటివాని లోకములోనికే ప్రవేశించి, అతని నమ్మకాల లోపలినుండి వినడాన్ని 'ఇంటర్‌పతీ' అన్నాడు. మంచి మాటే. కాని ఒకే ఇంట్లో అత్త లోకము, కోడలి లోకము వేరైనప్పుడు ఎవరి లోకములో ప్రవేశించాలో ఆ మాట ఒక్కటే తేల్చదు. అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ 1950లలో రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలో గుడారాలలో ఉంచి వారిని చికిత్సలో భాగం చేశాడు. కుటుంబాన్ని కలుపుకోవడం మన దేశము ప్రపంచానికి చూపిన దారి అనవచ్చు. గాయపరచేది కుటుంబమే అయినప్పుడు ఆ గుడారములో ఎవరుండాలి?

సువార్తికుడైన మార్కు రెండు విధాలనూ చూపించాడు. సేన పట్టినవానిని ప్రభువు తన ఇంటివారి యొద్దకు పంపాడు (5:19). చెవిటివానిని జనసమూహమునుండి ఏకాంతముగా తీసుకొనిపోయాడు (7:33). గ్రుడ్డివానిని చెయ్యిపట్టుకొని ఊరి వెలుపలికి నడిపించాడు (8:23). ఎవరికి ఊరు కావాలో, ఎవరికి ఊరి వెలుపల కావాలో మనిషిని బట్టి నిర్ణయించాడు.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని చెబుతుంది. మన సంఘములలో కొన్ని నేటికీ అటువంటి మరణానికి సమాధి ఆరాధన నిరాకరిస్తాయి. చట్టము చూపిన కనికరము బలిపీఠము చూపకపోతే, రేపు అదే ఆలోచనతో ఉన్నవాడు మన తలుపు తట్టడు. 14416 అనే టెలీ మానస్ నంబరును సంఘ నోటీసు బోర్డు మీద రాయడానికి కూడా కొందరు వెనుకాడుతున్నారు, విశ్వాసము తక్కువైందని అనుకుంటారేమోనని.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరైనా వస్తే మొదటి ప్రశ్న మారింది. "మాట్లాడేటప్పుడు నీ పక్కన ఎవరుండాలమ్మా?" అని అడుగుతాను. ఆ ప్రశ్నను కూడా ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలని తెలుసుకోవడానికి మరికొంత కాలం పట్టింది. చాలామంది నా భార్య పేరు చెబుతారు. ఒక్కోసారి, ఎవరూ వద్దంటారు. అప్పుడు మందిరము ముందున్న వేపచెట్టు కింద, దారిన పోయేవారికి కనబడేటట్టు, మాట వినబడనంత దూరాన కూర్చుంటాము.